రాసినదానికి డబ్బు ఎప్పుడు, ఎలా అడుగుతున్నారు?

కౌలు_రచయిత | సోమవారం, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. ఇక్కడ కథల మీద చర్చలు బోలెడు జరిగాయి. కథ రాసినవాడి కరెంటు బిల్లు మీద ఒక్కటీ కనిపించలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

నేను రాత మీదే బతుకుతున్నాను. వేరే ఉద్యోగం లేదు. ఒక ఆడియో యాప్‌కి సీరియల్ ఎపిసోడ్లు, ఒక ఏజెన్సీకి ఇంగ్లిష్ నుంచి అనువాదాలు, అప్పుడప్పుడూ ఎవరో ఒక రిటైరైన పెద్దాయన ఆత్మకథ. నా సొంత నవల మాత్రం ఇంట్లో అందరూ పడుకున్నాకే.

యాప్ వాళ్లు ఎపిసోడ్‌కి ఇంత అని ఫోన్లో చెప్పారు, సంతకాలేమీ పెట్టించుకోలేదు. రాసిచ్చాను, రికార్డింగ్ అయింది, జనం వింటున్నారు కూడా. డబ్బు సంక్రాంతి నుంచి రాలేదు. అడిగితే ‘అకౌంట్స్‌లో ఉందండీ’ అంటారు. ఇంకోపక్క ఒక పత్రిక వారం వారం కాలమ్ రాయమంది. ఎంతిస్తారు అనగానే ‘మీకు మంచి పేరొస్తుంది కదా’ అన్నారు. ఏజెన్సీ అయితే రేటు సగానికి దించేసింది. ఇప్పుడు మెషీన్ అనువాదం చేసి పంపుతుందట, నేను దిద్దితే చాలట. ఆ దిద్దడం అంటే మళ్లీ మొత్తం రాయడమేనని వాళ్లకీ తెలుసు.

డబ్బు మాట ఎప్పుడు ఎత్తుతారు? ముందా, సగంలోనా, ఇచ్చేశాకా? అడిగితే పని పోతుందన్న టెన్షన్ మీకూ ఉంటుందా? రాతతోనే ఇల్లు నడుపుతున్నవాళ్లు చెప్పండి.

---

మానేరు | సోమవారం, రాత్రి 11.58

అన్నా, మాది కరీంనగర్. చాలా ఏండ్లు ఓ పేపర్‌కి మండల కంట్రిబ్యూటర్‌గా చేసిన. అక్కడ జీతం అనేది ఉండదు, లైన్ అకౌంట్ ఉంటది. అచ్చయిన లైన్లు లెక్కపెట్టి లైన్‌కింత అని నెలాఖరుకి ఇస్తరు. ముప్పై కిలోమీటర్లు బండి మీద పోయి, నలభై లైన్ల వార్త రాసి పంపితే, డెస్క్‌లో దాన్ని ఎనిమిది లైన్లు చేస్తరు. మనకు ఎనిమిదికే పైసలు. పెట్రోలు మాత్రం నలభై లైన్లకు పోసినట్టే.

అసలు ఆదాయం యాడ్ల కమీషన్. ఉగాదికి, ఆగస్టు 15కి, కొత్త సంవత్సరానికి టార్గెట్ పెడతరు. పొద్దున ఎవరి మీద వార్త రాసినమో సాయంత్రం ఆయన దగ్గరికే శుభాకాంక్షల యాడ్ కోసం పోవాలె. ఆ మొహమాటం ముందు నీ మొహమాటం ఏ పాటిది చెప్పు.

ఇప్పుడు బయట పని చేస్తున్న. సావనీర్లు, గుడి చరిత్ర పుస్తకాలు, సభల్లో చదివే స్పీచ్‌లు. నా పద్ధతి ఒక్కటే. సగం ముందు, మిగిలిన సగం ప్రూఫ్ చేతికిచ్చేటప్పుడు. ‘ప్రింట్ అయినంక చూద్దాం’ అన్నోళ్లకు దండం పెట్టి లేస్తా. పందిరి వేసినాయనకి కూడా పెండ్లికి ముందే అడ్వాన్స్ ఇస్తరు, భోజనాలైనంక ఎవడికి గుర్తుంటడు?

---

గురువారం_గండం | మంగళవారం, ఉదయం 6.15

డైలీ సీరియల్‌కి మాటలు రాస్తాను. ఛానెల్ పేరు అడగొద్దు, ఇంకా అక్కడే తింటున్నాను.

మా వారం గురువారంతో మొదలవుతుంది. ఆ రోజు రేటింగ్స్ వస్తాయి. నంబర్ బాగుంటే ఎవరూ ఫోన్ చేయరు. పడిపోతే మధ్యాహ్నానికల్లా కాన్ఫరెన్స్ కాల్. అప్పటిదాకా రాసిన ట్రాక్ మొత్తం పక్కకి పోతుంది, ఎప్పుడో పోయిన అత్తగారి చెల్లెలు తిరిగొస్తుంది. శుక్రవారం పొద్దున ఏడింటికి సీన్ పేపర్ సెట్లో ఉండాలి. ఆవిడ పాత్ర వేసే ఆర్టిస్టుకి ఆ రోజు డేట్ లేదని ఎనిమిదింటికి చెబుతారు. అప్పుడు ఆవిడ లేకుండా ఆవిడ గురించి నలుగురు మాట్లాడుకునే సీన్ ఫోన్లోనే చెప్పాలి, అసిస్టెంట్ రాసుకుంటాడు.

ఇక డబ్బు. మాకు ఎపిసోడ్ లెక్క. కానీ లెక్క కట్టేది టెలికాస్ట్ అయ్యాక, షూటింగ్ అయ్యాక కాదు. బ్యాంకింగ్ అని నిల్వ కోసం ముందే తీసిపెట్టిన ఎపిసోడ్లు ఉంటాయి కదా, నా డబ్బు కూడా వాటితోపాటు అక్కడే కూర్చుంటుంది. రాసి, కొట్టేసిన ట్రాక్‌కి పైసా లేదు. చాలాకాలం ఇదే రివాజు అనుకుని ఊరుకునేవాళ్లం అందరం. పోయిన సీరియల్ మొదలయ్యేటప్పుడు మాత్రం, ఓకే చేసిన వెర్షన్ మళ్లీ రాయిస్తే సగం రేటు అని వాట్సాప్‌లో రాయించుకున్నాను. ఒప్పుకున్నారు! ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంట, అంతే.

ఇంకో మాట. డబ్బు సంగతి డైరెక్టర్‌తోనో క్రియేటివ్ టీమ్‌తోనో మాట్లాడకండి. వాళ్లు మనకి సీన్ చెప్పేవాళ్లు, రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలి, పైగా చెక్కు వాళ్ల చేతిలో ఉండదు. ప్రొడక్షన్ మేనేజర్ని పట్టుకోండి. మీ యాప్‌లో కూడా ఎడిటర్‌కి కాకుండా నేరుగా ఫైనాన్స్ వాళ్లకి మెయిల్ పెట్టండి.

---

చిత్రావతి | మంగళవారం, ఉదయం 8.02

నేను అనంతపురం జిల్లాలో హైస్కూల్ టీచర్ని. కవిత్వం, కథలు రాస్తాను. ఎవరినీ నొప్పించాలని కాదు గానీ, ఇదంతా చదువుతుంటే కొంచెం ఇబ్బందిగా ఉంది. సీరియల్, సినిమా వేరు, అది వ్యాపారం. సాహిత్య పత్రిక నడిపేవాళ్లే చేతి డబ్బు పెట్టుకుని నడుపుతున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి నా కవితకు ఎంతిస్తావు అని ఎట్లా అడుగుతాం? నేనైతే ఎప్పుడూ అడగలేదు, అడగను కూడా. పది మంది చదివితే చాలు.

---

సగం_వంట | మంగళవారం, మధ్యాహ్నం 2.30

చిత్రావతి గారూ, మీరు అడగకపోవడం మీ ఇష్టం. ఒకటో తారీఖున మీకు జీతం పడుతుంది కాబట్టి ఆ ఇష్టం మీకు కుదిరింది. తప్పుగా అనుకోకండి, దెప్పిపొడవడానికి అనడం లేదు. మన దగ్గర సాహిత్యం చాలావరకు జీతగాళ్ల మీద నడుస్తోంది. టీచర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు, రేడియో వాళ్లు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్లు. వాళ్లు ఊరికే ఇస్తారు, బాగా కూడా రాస్తారు. దాంతో ఎడిటర్‌కి ఊరికే తీసుకోవడం అలవాటైపోయింది. ఆ తర్వాత నాలాంటిది వెళ్లి రేటు అడిగితే, అత్యాశ ఉన్న మనిషిలా చూస్తారు.

మాది కాకినాడ. వీక్లీల కాలంలో రాయడం మొదలుపెట్టాను. కథకి చిన్న మొత్తమే అయినా మనీయార్డరో చెక్కో వచ్చేది. కోవిడ్ దెబ్బకి నవ్య వీక్లీ అచ్చు ఆగింది, ఆంధ్రభూమి ఆగింది, 1978 నుంచి వస్తున్న విపుల, చతుర మాసపత్రికలు కూడా పోయాయి. వెబ్ పత్రికలు వచ్చాయి, మంచివే, కానీ చాలావాటిలో డబ్బు ప్రసక్తి లేదు. ఇప్పుడు నా ఆదాయం ఎక్కువ భాగం పోటీల నుంచి. సంక్రాంతి కథల పోటీ, ఉగాది నవలల పోటీ, తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల పోటీలు. వాటికో బాధ ఉంది. హామీపత్రం రాసివ్వాలి కదా, ఇది నా సొంతం, అనువాదం కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని. ఫలితాలు వచ్చేదాకా ఆ కథ తాళం వేసినట్టే. బహుమతి రాకపోతే, పండగ కథ పండగ దాటాక ఎవరికి పంపాలి?

ఇక ఇంట్లో సంగతి. ‘నువ్వు ఇంట్లోనే ఉంటావుగా’ అనే మాట ఈ వృత్తిలో ఆడవాళ్లకి రోజూ పడుతుంది. గ్యాస్ బండ వస్తే నేనే, కొరియర్ వస్తే నేనే, ఆడపడుచు పిల్లాడికి జ్వరం వస్తే స్కూల్ నుంచి తెచ్చేది నేనే. మా వారు ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిస్తే అది ఆఫీసు. నేను తెరిస్తే ‘ఖాళీగా ఉన్నావా?’ ఆ ప్రశ్న కొంతవరకు ఆగింది ఎప్పుడంటే, నా అకౌంట్ నుంచి పాప స్కూల్ ఫీజు కట్టడం మొదలయ్యాక. అందుకే కౌలు గారూ, డబ్బు అడగండి. డబ్బుతో వచ్చేది డబ్బొక్కటే కాదు, తలుపు వేసుకునే హక్కు కూడా.

---

కౌలు_రచయిత | మంగళవారం, మధ్యాహ్నం 3.05

సగం_వంట గారూ, ఆఖరి మాట ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలనుంది. మాకూ అంతే అండీ, మగాడు ఇంట్లో ఉండి రాస్తే ఇంకో రకం ప్రశ్న. ‘అబ్బాయి ఏం చేస్తుంటాడు?’ అంటే మా అమ్మ ‘కంప్యూటర్ పని’ అని చెప్పి ఊరుకుంటుంది.

---

ఆడిటర్_గారబ్బాయి | మంగళవారం, రాత్రి 9.20

నేను రచయితని కాదు, పాఠకుడిని. వృత్తి చార్టర్డ్ అకౌంటెన్సీ. రచయితలు క్లయింట్లుగా ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు.

ఫోన్లో చెప్పిన రేటుకి రుజువు ఉండదు. అది ఇప్పుడైనా రాతలోకి తేవచ్చు. ‘ఫలానా తేదీన మాట్లాడుకున్నట్టు ఎపిసోడ్‌కి ఇంత చొప్పున, ఇన్ని ఎపిసోడ్లు ఇచ్చాను, మొత్తం ఇంత’ అని మర్యాదగా ఒక మెయిల్, దానికి ఇన్వాయిస్ జత చేసి పంపండి. కాదంటే వాళ్లు జవాబివ్వాలి. జవాబిచ్చినా ఇవ్వకపోయినా మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది.

రెండోది చాలామందికి తెలియదు. రాత కూడా సేవే. కేంద్ర ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ చేసుకోవచ్చు, ఫీజు లేదు, ఆధార్, పాన్ చాలు. ఎవరైనా డబ్బు అడిగితే అది బయటి ఏజెంటు సైట్ అని అర్థం. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం కొన్నవాడు ఒప్పందంలో ఉన్న గడువులోపు, అదీ ఎట్టి పరిస్థితుల్లో 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. పైగా గడువులో చెల్లించకపోతే ఆ ఖర్చుని ఆ సంవత్సరపు లెక్కల్లో తగ్గించుకోనివ్వరు, చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. ఈ ఆదాయపు పన్ను నిబంధన వచ్చాక కంపెనీల అకౌంట్స్ వాళ్లు ఉద్యం నంబర్ ఉన్న బిల్లుల్ని ముందు తీస్తున్నారు. ఒక హెచ్చరిక: రిజిస్ట్రేషన్‌కి ముందు ఇచ్చిన పనికి ఈ రక్షణ అడగడం కష్టం. పాత బాకీకి కాదు, ముందు ముందు పనికి చేసుకోండి.

టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను, కోస్తే కంగారుపడకండి. వృత్తి ఫీజుకి, రాయల్టీకి మామూలుగా పది శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 దాటితేనే కోయాలి, అంతకుముందు 30,000 ఉండేది. కోసినది మీ పాన్ మీద జమ అయిందో లేదో పోర్టల్‌లో చూసుకోండి. మొత్తం ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్ను వేయక వదిలేసే రచయితలే ఎక్కువ.

---

సగం_వంట | మంగళవారం, రాత్రి 9.41

పుస్తకాల రాయల్టీకి మినహాయింపు ఉందంటారు, నిజమేనా?

---

ఆడిటర్_గారబ్బాయి | మంగళవారం, రాత్రి 9.55

ఉందండీ. పాత ఆదాయపు పన్ను చట్టంలో అది 80క్యూక్యూబీ సెక్షన్. సాహిత్య, కళా, శాస్త్ర గ్రంథాల రాయల్టీ మీద మూడు లక్షల దాకా. కానీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. పాఠ్యపుస్తకాలకి వర్తించదు, పత్రికల్లో రాసినవాటికి వర్తించదు. తెలుగు నవల మీద మూడు లక్షల రాయల్టీ వచ్చిన క్లయింట్ దొరికితే ఆ ఫారం సంతోషంగా ఉచితంగా నింపి పెడతాను. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు, నింపే ముందు మీ ఆడిటర్‌ని అడగండి.

---

పెదవి_లెక్క | బుధవారం, ఉదయం 10.10

చెన్నై నుంచి. డబ్బింగ్ రచన. తమిళ, మలయాళ సినిమాలు, ఓటీటీ సిరీస్‌లు తెలుగులోకి.

కౌలు గారు చెప్పిన మెషీన్ గొడవ మాకూ వచ్చింది. స్టూడియోలో ముందే ఒక కచ్చా అనువాదం చేసి పంపి, నిమిషానికి ఇచ్చే రేటు తగ్గిస్తామన్నారు. నేను ఒక సీన్ తీసుకుని వాళ్ల ఎదురుగానే స్క్రీన్ మీద చూపించాను. నటుడు పెదాలు మూసే చోట మనకి ప, ఫ, బ, భ, మల్లో ఏదో ఒకటి పడాలి. క్లోజప్‌లో అది తప్పితే చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. తమిళ వాక్యం నాలుగు సెకన్లుంటే తెలుగూ నాలుగు సెకన్లే ఉండాలి. అర్థం సరిపోయినంత మాత్రాన మాట సరిపోదు. వాళ్ల కచ్చా కాపీలో నేను ఉంచుకోగలిగింది పాత్రల పేర్లే. ఆ సీన్ వరకు చూసి రేటు పాతదే ఉంచారు. మీరూ వాదించకుండా ఒక పేజీ దిద్ది, ఎంత మారిందో రంగుల్లో చూపించి పంపండి. గంట లెక్కన రేటు అడగండి, మాట లెక్కన కాదు.

చిత్రావతి గారు వ్యాపారం వేరు, సాహిత్యం వేరు అన్నారు. 1950లో వచ్చిన డబ్బింగ్ సినిమా ఆహుతికి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. మద్రాసులో ఇంటి అద్దె ఆయనకీ ఉండేది. ఆ పని చేసినందుకు ఆయన కవిత్వం ఎవరికీ తక్కువగా కనపడలేదు.

డబ్బుతోపాటు పేరు సంగతి కూడా ముందే తేల్చుకోండి. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసినా, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రచయితకి ఉంటుంది. ఇండస్ట్రీలో ఘోస్టుగా, అంటే తమ పేరు లేకుండా, రాసే పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కులిచ్చింది ఐదేళ్లకే అని 19వ సెక్షన్. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే ఇండియా వరకే. కౌలు గారూ, యాప్ వాళ్లు ఇంకా సంతకం పెట్టించుకోలేదంటున్నారు. రేపు డబ్బుతోపాటు ఒక కాగితం పంపుతారు చూడండి, ‘సకల మాధ్యమాల్లో, శాశ్వతంగా, విశ్వమంతటా’ అని ఉంటుంది. చదవకుండా పెట్టొద్దు.

---

చిత్రావతి | బుధవారం, సాయంత్రం 6.20

సగం_వంట గారూ, మీ మాట రెండుసార్లు చదివాను. జీతగాళ్లు ఊరికే రాయడం వల్ల మీకు రేటు రాదన్నది నాకు తట్టని కోణం. కానీ దానికి నేనేం చేయాలి? రాయడం మానాలా? సర్క్యులేషన్ ఐదారు వందలున్న పత్రిక ఎడిటర్‌ని డబ్బు అడిగితే ఆయన పత్రికే మూసుకోవాలి. అప్పుడు మీకూ నాకూ ఇద్దరికీ చోటుండదు.

---

సగం_వంట | బుధవారం, రాత్రి 10.15

మానొద్దండీ. చిన్న పత్రికకి ఊరికే ఇవ్వండి, నేనూ ఇస్తాను. ఫుల్ పేజీ రియల్ ఎస్టేట్ యాడ్లు వేసే పత్రిక అడిగినప్పుడు మాత్రం ‘పారితోషికం ఎంత?’ అని ఒక్క ముక్క అడగండి. ఇవ్వకపోయినా సరే. వాళ్ల చెవిన ఆ ప్రశ్న పడాలి.

---

మానేరు | బుధవారం, రాత్రి 10.32

సభల సంగతి కూడా చెప్పాలె. మనల్ని వక్తగా పిలుస్తరు. హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఆదివారం సభ అంటరు. హాలుకు కిరాయి ఇస్తరు, మైకుకు ఇస్తరు, ఫ్లెక్సీకి ఇస్తరు, టిఫిన్లకు ఇస్తరు. మాట్లాడేటోనికి శాలువా. నా ఇంట్లో శాలువాలు మస్తున్నయ్, మా అవ్వ వాటిని చలికాలం చుట్టాలకు పంచుతది. కరీంనగర్ నుంచి రానుపోను బస్సు కిరాయి అడిగితే ‘మీరు కూడానా’ అన్నట్టు చూస్తరు. ఇప్పుడు ఫోన్లోనే చెప్తున్న, శాలువా వద్దు, టికెట్టు పెట్టండి అని. కొందరు మంచిగనే ఒప్పుకుంటున్నరు.

---

డాలస్_డాబా | గురువారం, ఉదయం 7.48

ఇక్కడ మా ఊళ్లో కొద్దిమందిమి కలిసి తెలుగు పుస్తకాలు తెప్పించుకుంటాం. 200 రూపాయల పుస్తకానికి తపాలా ఖర్చు దానికి ఎన్నో రెట్లు. అందుకని ఎవరు ఇండియా వెళ్తే వాళ్ల సూట్‌కేసులో ఐదు కిలోలు పుస్తకాలకి అని రాసుకున్నాం. రచయితల దగ్గర నేరుగా కొందామంటే చాలామంది ‘అయ్యో, మీకు కాపీ పంపుతాను, డబ్బెందుకు’ అంటారు. ఎందుకంటే కొందామనే అడిగాం కాబట్టి! మొహమాటం మీ వైపు నుంచి కూడా ఉంది. తీసుకోండి బాబూ.

---

కౌలు_రచయిత | గురువారం, మధ్యాహ్నం 1.10

నవల కూడా దాదాపు పూర్తయింది. పబ్లిషర్ కోసం ఆగాలా, సొంతంగా వేసుకోవాలా అన్నది ఇంకో తలనొప్పి. వేసినవాళ్లు లెక్క చెబుతారా?

---

పాత_కంపోజిటర్ | గురువారం, రాత్రి 8.00

విజయవాడలో సీసం అక్షరాలు పేర్చిన చెయ్యి ఇది, తర్వాత కంప్యూటర్లో పేజ్‌మేకర్, ఇప్పుడు ఇన్‌డిజైన్. లెక్క నేను చెబుతాను, బాబూ.

డెమ్మీ, అంటే మామూలు నవల సైజులో, ఫారానికి (ఒక పెద్ద షీటు మడిస్తే వచ్చే కట్టకి) 16 పేజీలు. నీ నవల 192 పేజీలైతే 12 ఫారాలు. 196 వచ్చిందనుకో, ఆ నాలుగు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం ఎక్కించాలి. ముందుమాటలు రెండుంటే ఒకటి తీసెయ్, సరిపోతుంది. ఎలాగూ ఆవిష్కరణ సభలో ఆయన అదే మాట్లాడతాడు.

500 కాపీలు వేశావనుకుందాం. ధర 200. షాపులకి, డిస్ట్రిబ్యూటర్‌కి 40 శాతం దాకా పోతుంది, నీకొచ్చేది 120. కాగితం, ప్రింటింగ్, బైండింగ్, కవర్ బొమ్మ, డీటీపీ (కంప్యూటర్లో పేజీలు పేర్చడం) అన్నీ కలిపి కాపీకి 90 పడిందనుకో, మిగిలేది 30. అందులో వంద కాపీలు సమీక్షలకి, స్నేహితులకి, ‘ఒకటి పంపండి సార్, చదివి అభిప్రాయం రాస్తాను’ అనేవాళ్లకి పోతాయి. మిగతా నాలుగు వందలూ అమ్ముడైతే నీకొచ్చేది పన్నెండు వేలు, ఆ వంద కాపీల తయారీ ఖర్చు తొమ్మిది వేలు అందులోంచే పోవాలి. ఇక షాపుల నుంచి డబ్బు ఎప్పుడొస్తుందన్నది వేరే పురాణం. అందుకే చేతి అమ్మకం ముఖ్యం. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో, హైదరాబాద్ బుక్ ఫెయిర్ దానికి కాస్త ముందూ వెనకా. నువ్వు స్టాల్లో నిలబడితే పుస్తకం అమ్ముడవుతుంది, నిలబడకపోతే అవదు.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబర్, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్లో ఇస్తుంది. దానికి మూడు వేలు, ఐదు వేలు అని ‘ప్యాకేజీ’ చెప్పేవాళ్లుంటారు, జాగ్రత్త. సొంతంగా వేస్తే పబ్లిషర్‌వి నువ్వే. 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, ఇంకో మూడు లైబ్రరీలకి ఒక్కొక్కటి నువ్వే పంపాలి. చెన్నై కన్నెమరా వాటిలో ఒకటి.

పోస్టు సంగతి. పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ 2024 డిసెంబరులో తీసేశారు, చిన్న ప్రచురణకర్తలందరికీ గుండె ఆగినంత పనైంది. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి 100, పన్ను అదనం, ట్రాకింగ్ కూడా ఉంది. పుస్తకం మీద ప్రింటర్ పేరో పబ్లిషర్ పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. కౌంటర్లో తెలియదంటే పోస్ట్‌మాస్టర్‌ని అడుగు.

అన్నిటికంటే పెద్ద పీడ ప్రూఫులు. నువ్వు యూనికోడ్‌లో, అంటే ఫోన్లో, నెట్‌లో కనిపించే తెలుగులో, టైప్ చేసి ఉంటావు. సగం ప్రెస్సుల్లో ఇంకా అనూ ఫాంట్లే. అవి యూనికోడ్ రాకముందు నుంచీ ఉన్న వేరే పద్ధతి, వాటి అక్షరాల కోడ్ వేరు. మార్చేటప్పుడు ‘లక్ష్మి’ విడిపోతుంది, ‘రాష్ట్రం’లో వత్తు గల్లంతవుతుంది, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది చూడు, అది ఒక డబ్బాలాగో చుక్కలాగో తేలుతుంది. నీ కథలో ‘లక్ష్మి’ అనే పాత్ర ఉందా?

---

కౌలు_రచయిత | గురువారం, రాత్రి 8.25

హీరోయినే లక్ష్మి, బాబాయ్.

---

పాత_కంపోజిటర్ | గురువారం, రాత్రి 8.31

సరిపోయింది.

---

గురువారం_గండం | గురువారం, రాత్రి 11.50

ఇవాళ నంబర్ పడిపోయింది. మూడు సీన్లు మిగిలాయి. బాబాయ్ లెక్క చదివాక నా సీరియలే నయమనిపిస్తోంది. వెళ్తున్నా.

---

కౌలు_రచయిత | శనివారం, ఉదయం 11.15

అప్‌డేట్ ఇస్తున్నాను. ఆడిటర్ గారు చెప్పినట్టే ఇన్వాయిస్ జత చేసి యాప్ ఫైనాన్స్ వాళ్లకి మెయిల్ పెట్టాను, ఎడిటర్‌కి కాపీ. మర్నాడే జవాబు. నన్ను అసలు వాళ్ల సిస్టమ్‌లో వెండర్‌గా ఎక్కించనే లేదట. పాన్, క్యాన్సిల్డ్ చెక్కు, ఒక ఫారం అడిగారు. ఇన్ని నెలలూ ‘అకౌంట్స్‌లో ఉంది’ అన్నది ఏ అకౌంట్స్‌లోనో మరి! వచ్చే పదిహేనో తారీఖుకి వేస్తామని రాతలో ఇచ్చారు. దాంతోపాటు ఒప్పందం పీడీఎఫ్. పెదవి_లెక్క గారూ, మీరు చెప్పిన ‘విశ్వమంతటా’ నిజంగానే ఉంది. ఆడియో వరకు, ఐదేళ్లకు, పుస్తకం హక్కు నాదే అని మార్చి తిరిగి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

పత్రిక ఎడిటర్ గారితో కూడా మాట్లాడాను. వారం వారం ఊరికే కుదరదు సార్, మీకు వీలైనంత చెప్పండి అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెలకి రెండు కాలమ్‌లకి ఒక మొత్తం చెప్పారు. పెద్ద మొత్తం కాదు, ఇంటర్నెట్ బిల్లు, పాల బిల్లు వెళ్తాయి. ఒప్పుకున్నాను. అనువాదం ఏజెన్సీ మాత్రం రంగులేసిన పేజీ చూసి ‘థాంక్స్ ఫర్ యువర్ ఫీడ్‌బ్యాక్’ అని పంపింది, రేటు పెంచలేదు. ఆ పని వదిలేస్తున్నాను. ఆ గంటలు నవలకి.

---

చిత్రావతి | శనివారం, మధ్యాహ్నం 12.40

మంచిది కౌలు గారూ. నిన్న ఒక పెద్ద పత్రిక ఆదివారం అనుబంధం వాళ్లు నా కథ అడిగారు. సగం_వంట గారు చెప్పిన ప్రశ్న అడిగాను. అవతలివాళ్లు ‘ఉంటుంది మేడమ్, వివరాలు పంపండి’ అన్నారు! ఇదివరకు అక్కడ వచ్చిన నా కథలకి కూడా ఉండేదేమో, ఎవరూ చెప్పలేదు. కవితలు మాత్రం చిన్న పత్రికలకే ఇస్తాను, ఊరికే ఇస్తాను. దాని మీద మీరంతా ఎంత చెప్పినా నా మాట అదే.

---

సగం_వంట | శనివారం, మధ్యాహ్నం 2.50

అలాగే ఇవ్వండి చిత్రావతి గారూ, ఆ పత్రికలు నాకూ కావాలి. పాత కథల బాకీ కూడా అడిగి చూడండి, సరదాకి.

---

రిటైర్డ్_ఆత్మ | శనివారం, సాయంత్రం 5.05

కొత్త సభ్యుడిని. ఒక మాజీ అధికారి ఆత్మకథ రాస్తున్నాను. 200 పేజీలకి మాట్లాడుకున్నాం. ప్రతి ఆదివారం వెళ్తుంటే కొత్త అధ్యాయం గుర్తుకొస్తోంది ఆయనకి. ఇప్పుడు వాళ్ల తాతగారి కాలం నుంచి మొదలుపెడదామంటున్నారు. ఎలా ఆపాలి?

---

మానేరు | శనివారం, సాయంత్రం 5.30

ఆపకు తమ్మీ. పేజీకి రేటు చెప్పు. 200 దాటినంక ప్రతి పేజీకి ఇంత, ప్రతి సిట్టింగ్‌కి ఇంత అని ఓ కాగితం మీద రాసి చాయ్ తాగేటప్పుడు ఆయన ముందు పెట్టు. తాత ఆయనంతట ఆయనే వెళ్లిపోతడు.

---

కౌలు_రచయిత | శనివారం, రాత్రి 9.10

బాబాయ్, యూనికోడ్‌లోనే ప్రింటుకి పోతే పుస్తకానికి ఏ ఫాంటు బాగుంటుంది? అనూలోకి మార్చే సాహసం వద్దనుకుంటున్నాను.

---

పాత_కంపోజిటర్ | శనివారం, రాత్రి 9.34

మండలి పెట్టి చూడు, ఉచితమే. ఇన్‌డిజైన్లో కంపోజర్ సెట్టింగ్ వరల్డ్ రెడీకి మార్చుకోవాలి, లేకపోతే వత్తులన్నీ పక్కకి జరుగుతాయి. మొదటి ఫారం పీడీఎఫ్ నాకు పంపు, లక్ష్మిని చూసి చెబుతాను. డీటీపీ రేటు మాత్రం ముందే చెబుతున్నా, సగం అడ్వాన్స్.